సీలు మీది ఓడ ఎటు పోతోంది

నాకు ముప్పై ఒకటి. రిటైరయ్యాను. నవ్వితే నవ్వు, వారంగా నేనూ అదే పనిలో ఉన్నాను.

రంగూన్ పబేడాన్‌లో మా సీళ్ళ షాపు ఎంత ఇరుకంటే, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు వీధిలోకి దిగి దారివ్వాలి. అందులో కూర్చుని ఇత్తడి దిమ్మల మీద ఉలితో అక్షరాలూ బొమ్మలూ చెక్కడం నా ఉద్యోగం. చదువవగానే చేరాను. ఈ మధ్య సాయంత్రమయ్యేసరికి కుడి మణికట్టు టమాటాలా ఉబ్బుతోంది. డాక్టరమ్మ చూసి, "ఉలినైనా వదులు, చేతినైనా వదులు" అంది. నేను చెయ్యి ఉంచుకున్నాను.

మా యజమాని పేరు సింహాచలం. బర్మా కాగితాల్లో ఊ సాన్. నేను సయా అని పిలుస్తాను, అంటే గురువుగారు. నా పేరు పైడితల్లి, బడిలో మ సాండా, షాపులో రెండూ కలిపి మ పైడి. సయా నా రిటైర్మెంటుకి టీ కొట్టులో సభ పెట్టించాడు. శాలువా దొరక్క కొత్త గళ్ళ లుంగీ కప్పాడు. "ఇప్పుడు మ పైడి రెండు ముక్కలు మాటాడతాది" అన్నాడు. లేచాను. రెండు ముక్కలూ గొంతులోనే ఉండిపోయాయి. కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, బహుశా క్లుప్తంగా మాట్లాడినందుకు.

అక్కడ చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను. రేపట్నుంచి నా కుర్చీలో కూర్చునే అమ్మాయీ, ఇవి నీకు. జీతం, సెలవులు సయాని అడుగు. పని సంగతి నేను చెప్తాను.

తిరగేసి బతకడం

మొదటి నెలంతా నీకు లోకం అద్దంలో కనిపిస్తుంది. సీలు మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది కదా. అలా తిరగేసి రాసి రాసి, బస్సుల మీది నంబర్లు వెనకనుంచి చదువుతావు. జడ ఎడం పక్కకి వేసుకుని కుడి పక్కకి వేసుకున్నాననుకుంటావు. భయపడకు, పోతుంది. నాకు పోలేదు, అది వేరే సంగతి.

మన ఊళ్ళో సుఖం ఒకటుంది. బర్మా అక్షరాలు గుండ్రటివి, తెలుగు అక్షరాలు గుండ్రటివి, గంజాం నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో వినిపించే ఒడియాకీ గుండ్రటి అక్షరాలే. ఉలి ఒకదానికి అలవాటు పడితే మూడింటికీ పడినట్టే. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అన్నీ మూలలే, ఉలి మొన విరుగుతుంది. గుండ్రటి అక్షరాలవాళ్ళందరూ దగ్గరి చుట్టాలని నా డైరీలో రాసుకున్నాను. రుజువు అడక్కు.

కరెంటున్నప్పుడు లేజరు మిషను చెక్కుతుంది, లేనప్పుడు మనం. కరెంటు సంగతి నీకు తెలిసిందే కనక పనికి లోటుండదు.

అందరికీ సింహమే కావాలి

సీలు కావాలని వచ్చిన ప్రతి సంఘమూ ముందు సింహాన్ని అడుగుతుంది. బియ్యం వర్తకులకి సింహం, దర్జీలకి సింహం. కుట్టుమిషను ముందు కూర్చున్న సింహాన్ని ఊహించుకుని నేను దిమ్మ వెనక మొహం దాచుకునేదాన్ని.

ఒకసారి ట్వంటే నుంచి కుమ్మరులు కాలవలో పడవెక్కి వచ్చారు. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. వాళ్ళకీ సింహమే, అదీ గర్జిస్తూ. సయా బర్మాలో చాలా మర్యాదగా అడిగాడు.

"మీ ఊళ్ళో కుండలు సింహాలు చేస్తాయా?"

వాళ్ళు మొహమొహాలు చూసుకుని పగలబడి నవ్వారు. వాళ్ళలో పెద్దాయన, "లేదు సయా, మా ఆడవాళ్ళు చేస్తారు. కొంచెం గర్జిస్తారు కూడా" అన్నాడు. చివరికి కుండ చెక్కించుకున్నారు. తర్వాత మాకొక నీళ్ళ కుండ పంపారు. షాపులో నువ్వు తాగబోయే చల్లటి నీళ్ళు అందులోవే.

సయా దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఇది. అడిగినదాన్ని వెంటనే చెక్కకు. వాళ్ళు పొద్దున్నే లేచి ఏం చేస్తారో అడుగు. సంఘమంటే ఒక చిన్న ఊరు. ఊరి మొహం ఎలా ఉంటుందో ఊరివాళ్ళకే తెలియదు, ఎవరైనా ఎదురుగా కూర్చుని కనుక్కోవాలి.

ఇంకో పాఠం సయా నేర్పలేదు, ఆయనకే తెలియదు. కుండ ఎటునుంచి చూసినా కుండే. సేక్కాన్ రేవు కూలీల సంఘానికి లంగరు చెక్కాం, అదీ అంతే. తామర పువ్వు, తరాజు, దీపం, అన్నీ అంతే. అక్షరాలు తిప్పడం మా చేతికి పట్టుబడింది గానీ, బొమ్మ తిప్పాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు. దీన్ని గుర్తుపెట్టుకో, ముందు పనికొస్తుంది.

అట్ట లేని పుస్తకం

పాన్‌సోడాన్ వీధిలో పాత పుస్తకాలు పేవ్‌మెంటు మీద పరిచి అమ్ముతారు. ఆ వీధికి వెళ్ళేటప్పుడు నాకు కాళ్ళు నేలమీద ఆనవు. అక్కడ అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది. ఎవరు రాశారో తెలియదు. లోపలంతా ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందటి యూరప్ పట్టణాల సీళ్ళ బొమ్మలు! టీ కొట్టులో తెరిచాను. టీ చల్లారింది, మీద ఈగ పడింది, నాకు తెలియలేదు.

అంతకుముందు రాజులకీ బిషప్పులకీ ఉండేవట సీళ్ళు. గుర్రమెక్కిన రాజు, కత్తి, కిరీటం. తర్వాత పట్టణాల్లో వర్తకులూ చేతిపనులవాళ్ళూ కలిసి, మాకూ ఒక మొహం ఉందన్నారు. మనిషి బొమ్మ బదులు కోట గోడ పెట్టుకున్నారు, గేటు పెట్టుకున్నారు, బురుజులు పెట్టుకున్నారు. ఊరు చిన్నదైనా సీలు మీద బురుజులు ఆకాశాన్ని గుచ్చేవి. పెళ్ళి ఫొటోకి అరువు నగలు పెట్టుకున్నట్టు! ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను. రేవు పట్టణాలవాళ్ళయితే ఓడ పెట్టుకున్నారు.

జర్మనీలో లూబెక్ అని ఒక రేవు ఉంది. దాని సీలు మీద ఓడ, ఓడలో ఇద్దరు మనుషులు. ఒకడు చుక్కాని పట్టుకున్నాడు, ఇంకొకడు చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాడు. సముద్రం మీద తిరిగేవాళ్ళూ, నేలమీద వ్యాపారం చేసేవాళ్ళూ ఒకటై ఆ ఊరయిందని చెప్పడానికే ఆ ఇద్దరూ అని చాలామంది అనుకుంటారట.

ఇంకో సంగతి. కొన్ని పట్టణాల్లో సీలుని పెట్టెలో పెట్టి దానికి రెండు మూడు తాళాలు వేసేవాళ్ళు. తాళంచెవులు వేరువేరు మనుషుల దగ్గర. అందరూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఊరి తరఫున ఒక్కడే మాట ఇచ్చెయ్యకుండా. ఇది చదివి నేను టీ కొట్టులో గట్టిగా "ఓలమ్మో" అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడగా టీ కొట్టువాడు వినడం అదే మొదటిసారి. పరిగెత్తుకొచ్చాడు, ఈగని చూసి టీ మార్చాడు.

గోడకి రెండు వైపులా

ఇప్పుడు అసలు కేసు. నా ఉద్యోగం మొత్తంలో నిజంగా చెప్పదగ్గది ఇదొక్కటే.

రంగూన్‌లో మన తెలుగువాళ్ళకి ఒకే వీధిలో రెండు సంఘాలు ఉండేవని నీకు తెలుసు. ఒకటి గంజాం నుంచి రేవు పనులకీ రైలు పనులకీ వచ్చినవాళ్ళ మనవలది. ఇంకొకటి కోస్తా నుంచి వ్యాపారానికి వచ్చినవాళ్ళ మనవలది. రెండు హాళ్ళకీ మధ్య ఒకటే గోడ. శనివారం భజన రెండు వైపులా ఒకే వేళకి. అటు తాళాలు పెంచితే ఇటు డోలు పెంచేవాళ్ళు. దేవుడు ఏ వైపు వినేవాడో పాపం.

మా అమ్మ గోడకి అటువైపు మనిషి, నాన్న ఇటువైపు. వాళ్ళ పెళ్ళికి ఏ హాలూ ఇవ్వలేదు, స్నేహితుల మేడమీద చేసుకున్నారు. చిన్నప్పుడు నేను ఒక శనివారం అటు, ఒక శనివారం ఇటు కూర్చునేదాన్ని. రెండు చోట్లా ఎవరైనా పలకరిస్తే ప్రసాదం నోట్లో పెట్టుకునేదాన్ని, జవాబు చెప్పక్కర్లేకుండా.

ఇన్నాళ్ళకి గోడ కొట్టేసి ఒకే సంఘం కావాలనుకున్నారు. మనుషులు తగ్గారు, పెళ్ళిళ్ళు అటూ ఇటూ అవుతున్నాయి, పెద్ద హాలు కావాలి. అన్నీ కుదిరాయి, సీలు తప్ప. ఉగాది పొద్దున కొత్త సీలు తొలి ముద్ర వెయ్యాలి, వేశాకే గోడ మీద సుత్తి పడాలి. సీలు కుదరకపోతే గోడ అలాగే ఉంటుంది.

పప్పుల కొట్టు రత్నం గారు వర్తకుల పెద్ద. సేక్కాన్ రేవులో క్రేను నడిపి మానేసిన పోలయ్య తాత అవతలివైపు పెద్ద. ఇద్దరూ మా షాపుకొచ్చి కూర్చున్నారు. అంటే నేను వీధిలో నిలబడ్డాను.

"తరాజు పెట్టించండి, శుభంగా ఉంటుంది" అన్నారు రత్నం గారు.

"అవును, శుబమే. మీరు తూస్తారు, మేం మోస్తాం. అదేగా బొమ్మ?" అన్నాడు పోలయ్య తాత.

"అదిగో, నేనేమన్నా పుల్లవిరుపేనా, ఊ పోలయ్యా?"

"మరైతే క్రేను పెట్టించు, ఊ రత్నం."

బర్మా మర్యాదకి పేరు ముందు ఊ పెట్టుకుంటూనే ఇలా తిట్టుకోవడం మనవాళ్ళకే చేతనవుతుంది. నేను వీధిలోంచి అట్ట లేని పుస్తకం సయాకి అందించాను, ఓడ బొమ్మ దగ్గర వేలు పెట్టి. సయా దాన్ని ఇద్దరి ముందూ తెరిచాడు. ఇద్దరూ బొమ్మ మీదికి వంగారు.

"మా తాత ఓడలోనే వచ్చినాడు" అన్నాడు పోలయ్య తాత మెల్లగా.

"మా తాత మాత్రం విమానంలో వచ్చాడా?" అన్నారు రత్నం గారు.

ఓడ ఖాయమైంది. తర్వాత లోపలి ఇద్దరు మనుషుల మీద మధ్యాహ్నమంతా గడిచింది. చుక్కాని ఎవరిది? ఎవరు పొడుగు? రత్నం గారి మనిషికి మీసం ఉంటే పోలయ్య తాత మనిషికీ ఉండాలి. చివరికి ఇద్దరికీ ఒకే ఎత్తు, ఒకే మీసం, చుక్కాని మీద ఇద్దరి చేతులూ. పోలయ్య తాత వాళ్ళ హాల్లో గోడకి వేలాడే బంగాళాఖాతం పటం తెచ్చి బల్లమీద పరిచి, వేలితో గీసి మరీ చెప్పాడు. "ఇదిగో మన తీరం, ఎడం పక్క. ఇదిగో రంగూన్, కుడి పక్క. ఓడ ఇట్నించి ఇటు రావాల. తెలిసిందేటి?"

తెలిసిందన్నాం.

చుట్టూ మూడు లిపుల్లో అక్షరాలు నేను చెక్కి, అద్దంలో సరిచూసుకున్నాను. మధ్య మాత్రం సయా ముట్టుకోనివ్వలేదు. "ఓడ నాను చెక్కతాను. మా తాత కూడా ఉన్నాడు అందులో" అని ఇంటికి పట్టుకుపోయాడు. బొమ్మ గీసిన పల్చటి కాగితాన్ని బోర్లించి ఇత్తడి మీద అద్దాలి. ఆ ఆనందంలో ఆయన తిన్నగానే అద్దేశాడు.

షాపులో ఒకసారి ముద్ర వేసి చూస్తే తెలిసేదే. కానీ సయాకి ఒక నియమం ఉంది, అది నీకూ వర్తిస్తుంది. సంఘాల సీలుకి మనం తొలి ముద్ర వెయ్యం. అది సంఘంవాళ్ళ కళ్ళముందే పడాలి, దొంగ ముద్ర బయట తిరుగుతోందన్న అనుమానం పుట్టకూడదు. మంచి నియమమే. నేనయితే అద్దంలో బొమ్మ కూడా చూడమని ఇంకో ముక్క కలుపుతాను.

ఉగాది పొద్దున

హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు కిటికీల్లో కూర్చున్నారు. తాపీమేస్త్రీ సుత్తి భుజాన వేసుకుని గోడ పక్కన రెడీగా ఉన్నాడు. కరెంటు లేదు, అందుకని కొవ్వొత్తి మీద లక్క కరిగించారు. సయా ఎర్రగుడ్డ విప్పి ఇత్తడి సీలు తీశాడు. రత్నం గారూ పోలయ్య తాతా ఇద్దరూ కలిసి నొక్కారు. ఎత్తారు.

ఎంత అందంగా పడిందో! తెరచాప ఉబ్బింది, అలలున్నాయి, మీసాలున్నాయి. అందరూ ఓ అని అరిచారు.

పోలయ్య తాత ఒక్కడే అరవలేదు. లక్క ముద్రని చూశాడు, తను తెచ్చి పక్క గోడకి తగిలించిన పటం చూశాడు, మళ్ళీ ముద్ర చూశాడు.

"ఏటిది?" అన్నాడు. "ఓడ ఎనక్కెల్తంది."

నిజమే. ఓడ రంగూన్‌కి వీపు పెట్టి హాయిగా పడమటికి పోతోంది.

సయా మొహం సున్నం కొట్టినట్టయింది. ఎవరో నవ్వారు. రత్నం గారు నవ్వలేదు. "శుభమా అని సంఘం పెట్టుకుంటుంటే మమ్మల్ని ఓడెక్కించి పంపేస్తున్నావా, సింహాచలం?" అన్నారు.

"మమ్మల్నెందుకు, మీరే ఎల్లండి" అన్నారు అటునుంచి.

"మీరే ముందు!"

పోలయ్య తాత చెయ్యెత్తాడు. "ఎల్లిపోవాల్సినోల్లు ఆ యుద్దమప్పుడే ఎల్లిపోనారు. నడిచి ఎల్లినోల్లు నడిచి ఎల్లినారు, ఓడలో ఎల్లినోల్లు ఓడలో. మేం ఉండిపోయినోల్లం బాబూ. ఉండిపోయినోల్ల సీలు మీద ఎల్లిపోయే ఓడేటి?"

రత్నం గారు కుర్చీలోంచి లేచి చెప్పులకోసం చూస్తున్నారు. మేస్త్రీ సుత్తి నేలమీద పెట్టేశాడు. నేను ఆ గోడ కేసి చూశాను. దానికి అటు మా అమ్మ పాట, ఇటు మా నాన్న పాట. ఇంకో వందేళ్ళు అది కదలదని తెలిసిపోయింది.

అప్పుడు ఎవరో "ఆగండి" అన్నారు. ఎవరా అని నేనూ తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. అన్నది నేనే.

వెళ్ళి బల్లమీది ఇత్తడి సీలు తీసుకుని, పోలయ్య తాత చేతిలో పెట్టాను.

"తాతా, దీన్ని పటం పక్కన పెట్టి చూడు."

"ఏటుందే ఇందులో?"

"ఇత్తడిలో ఓడ ఎటు వస్తోందో చూడు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని సీలుని పటం పక్కకి ఎత్తి పట్టాడు. ఇత్తడిలో ఓడ మన తీరానికి వీపు పెట్టి, ముక్కు రంగూన్‌కి తిప్పి వస్తోంది.

"కాగితాల మీద పడేది బయటికి వెళ్ళేదే కదా తాతా," అన్నాను. మాట ఎలా వస్తోందో నాకే అర్థం కాలేదు. "ఆఫీసుకి వెళ్తుంది, పెళ్ళి పత్రికతో వెళ్తుంది. పని మీద పోయే ఓడ పోనీ. అసలు ఓడ ఇత్తడిలో ఉంది. అది మన పెట్టెలోనే ఉంటుంది, ఎప్పుడు తెరిచినా ఇటే వస్తుంటుంది. ఎన్ని ముద్రలు బయటికి పోయినా అది మాత్రం వెళ్ళదు."

పోలయ్య తాత సీలు మీద బొటనవేలు పెట్టి, చెక్కిన గీత వెంట మెల్లగా జరిపాడు, ఎడమనుంచి కుడికి. మళ్ళీ ఎడమనుంచి కుడికి.

"వొచ్చెస్తంది" అన్నాడు. తర్వాత రేవులో క్రేను మీంచి అరిచినట్టు, "ఓలొల్లో! ఊ రత్నం, చెప్పులెందుకు! వొచ్చి చూడు, మీ తాతొస్తన్నాడు!"

రత్నం గారు వచ్చి చూశారు. "మీసం మాత్రం మీ తాతదే బాగా పడింది" అన్నారు.

మేస్త్రీకి ఇదంతా అక్కర్లేదు. "ఇంతకీ కొట్టమంటారా, మానమంటారా?"

"కొట్టు!" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఉగాది పచ్చడి గిన్నె మీద మూత వెయ్యడం ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడు దానికి ఏడో రుచి గోడ సున్నం. అందరం రెండోసారి కూడా వేయించుకున్నాం. మా అమ్మా నాన్నా గోడ పడ్డచోట ఇటుకల మీద పక్కపక్కన కూర్చుని తిన్నారు.

మూడో తాళం

ఓడని కావాలనే అలా చెక్కానని సయా ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. నమ్మకు. మొహం మీద మాత్రం నవ్వకు, మంచి మనిషి.

ఆ రోజే పుస్తకంలోని పెట్టె సంగతి చెప్పేశాను, నోరు ఎలాగూ తెరుచుకుంది కదా. టేకు పెట్టె చేయించారు. ఒక తాళంచెవి రత్నం గారికి, ఒకటి పోలయ్య తాతకి. ఇద్దరూ అలిగితే సర్దిచెప్పడానికి ఒకరుండాలని మూడోది కూడా పెట్టారు. అది ఎవరికివ్వాలి?

"గోడకి రెండు పక్కలా మనిషి కావాల. ఎక్కువ మాటాడకూడదు" అన్నాడు పోలయ్య తాత. ఇద్దరూ నావైపు తిరిగారు. "ఈ గుంట మొన్నటిదాకా మాటాడలేదు, ఇకనుంచి ఏటవుద్దో తెలీదు. అయినా ఇచ్చెద్దాం."

ముద్ర వెయ్యాల్సినప్పుడల్లా ముగ్గురం హాల్లో కలుస్తాం. వాళ్ళిద్దరూ లక్క గురించి పోట్లాడుకుంటుంటే నేను పెట్టె తెరిచి ముందు ఇత్తడినే చూస్తాను. ఓడ ఇటే వస్తుంటుంది.

వచ్చేవారం నుంచి నేను పాన్‌సోడాన్‌లో పుస్తకాల కొట్టులో ఉంటాను. అట్టలు లేనివన్నీ నావైపు పెట్టమన్నాను. కుర్చీ నీది, ఉలులు నీవి, నీళ్ళ కుండ నీది. సింహం అడిగినవాళ్ళని కూర్చోబెట్టి పొద్దున్నే ఏం చేస్తారో అడుగు. బొమ్మని అద్దంలో చూసుకో.

తాళంచెవి మాత్రం అడక్కు. అది నా మెళ్ళో ఉంది.